తొమ్మిదో పలక

పిల్లలూ, మీరున్న చోట కుళాయి తిప్పితే వేడినీళ్లు వస్తాయి. తొట్టి కింద ఏముందో, దాని చుట్టూ ఉన్న చెక్క ఎందుకుందో మీకెవరూ చెప్పి ఉండరు. ఈ కథ కూడా చెప్పి ఉండరు. విన్నది విన్నట్టే చెప్పుకోవాలి, తెలియని చోట తెలియదనే అనుకోవాలి. కథలోకి పోయే ముందు ఒక్క మాట. వేడినీళ్లలో దిగేటప్పుడు ముందు మోచేయి పెట్టి చూసుకోండి. ఎప్పుడూ.

ప్రొద్దుటూరులో జమాల్ అనే మంచాల సాయిబు ఉండేవాడు. తెల్లారగానే ఇంటిముందు పంచలో కూర్చుని మంచంకోళ్లు చెక్కేవాడు. నులక అల్లే పని భార్య ఖమర్‌బీది. ఆమె అల్లిక బిగువు గురించి చాపాడు ఊరి దాకా చెప్పుకునేవాళ్లు. అల్లుతూ అల్లుతూ ఆమె రోజుకు మూడుసార్లు లేచేది. ఒక పాత మల్లుగుడ్డ తడిపి, పిండి, లోపలి గదిలో ఉన్న పలకల మంచం మీద పరిచి వచ్చేది. రెండు జొన్నరొట్టెలు కాలేలోపు ఆ గుడ్డ ఆరిపోయేది.

ఆ మంచం వాళ్ల కొడుకు ఉస్మాన్‌ది. ఆరేళ్లవాడికి జమాల్ పెద్దవాళ్ల కొలతతోనే మంచం చేశాడు, పెళ్లయ్యేదాకా పనికొస్తుందని. రెండు మూరల పొడవు, జానెడు వెడల్పు వేపపలకలు తొమ్మిది. వాటిని అడ్డంగా పరిచి, ఇనుప మేకు ముట్టకుండా చెక్క సీలలతో బిగించాడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు ఉస్మాన్ టైఫాయిడ్‌తో పదకొండు రోజులు ఆ పలకల మీదే ఉన్నాడు. పన్నెండో రోజు పిల్లవాడు పోయాడు గానీ జ్వరం పోలేదు. పలకల్లో ఉండిపోయింది. చెయ్యి వేస్తే వాడి నుదురు కాలినట్టే కాలేది.

వీధిలో ఎవరూ దాన్ని వింతగా అనుకోలేదు. చలికాలంలో పక్కింటి ఖాతూన్‌బీ పాలగిన్నె తెచ్చి ఆ మంచం కింద పెట్టేది, పెరుగు బాగా తోడుకుంటుందని. నెలలు నిండకుండా పుట్టిన ఆమె మనవరాలిని నలభై రోజులు ఆ మంచం పక్కనే పడుకోబెట్టారు. వచ్చినవాళ్లు గుమ్మంలో చెప్పులు విడుస్తూ అడిగేవాళ్లు.

"ఉస్మాన్‌కు జ్వరం ఎట్లుండాది, ఖమరూ?"

"అట్లే ఉండాది, ఆపా."

"పోనీలేమ్మా. ఉండనీ."

ఖమర్‌బీ నేలమీద చాప వేసుకుని, ఒక చెయ్యి పలకల మీద పెట్టి పడుకునేది. జమాల్ ఆ గదిలోకి ఎక్కువగా పోయేవాడు కాదు. పోయినా, సీలలు వదులైనాయేమో చూసి వచ్చేవాడు.

మూడేళ్లు గడిచాయి. ఆంధ్రప్రదేశ్ వచ్చిన ఏడు, చలి మొదలయ్యాక, జమ్మలమడుగు నుంచి దేవకుమారి అనే నర్సమ్మ జమాల్‌ను వెతుక్కుంటూ వచ్చింది. పోలియో వచ్చి కాళ్లు పడిపోయిన పిల్లల కోసం అక్కడ నాలుగు గదుల ఇల్లొకటి నడిచేది. జ్వరం తగ్గాక బిగుసుకుపోయిన కాళ్లను వేడినీళ్లలో నానబెట్టి, రోజూ కొంచెం కొంచెంగా సాగదీయాలి. రేకుల పని చేసే అలీ అహ్మద్ అప్పటికే జింకు రేకుతో తొట్టి చేసి పంపాడు. నాలుగు మూరల పొడవు, రెండు మూరల వెడల్పు, మూడు జానల లోతు. ఇక దాన్ని నిలబెట్టే చట్రం కావాలి. వేడి బయటికి పోకుండా చుట్టూ చెక్కపని కావాలి.

"నేలమీద పెట్టుకోని వంగి వంగి పిల్లోళ్లను దించలేకుండాము, జమాల్ భాయ్. కొంచెం ఎత్తులో నిలబెట్టాల" అంది దేవకుమారి.

"నలుగురు పండుకున్నా ఇరగని మంచాలు చేసినోణ్ని, సిస్టరమ్మా. నీళ్లదేముంది?" అన్నాడు జమాల్.

తప్పు ఆ మాటలోనే ఉంది. మంచాలు చేసినవాడు తొట్టికి కూడా మంచమే చేశాడు. నాలుగు లావాటి కోళ్లు, వాటి మధ్య నాలుగు పట్టెలు. తొట్టి అంచులు పట్టెల మీద ఆనేటట్టు వేలాడదీశాడు. అడుగు కింద అంతా ఖాళీ. చూడటానికి పల్లకీ మాదిరి ఉంది.

నీళ్లు పోసే రోజున పిల్లలందరూ వసారాలో వరుసగా కూర్చున్నారు. అందరికన్నా ముందు మునెమ్మ. పులివెందుల పక్క పల్లె నుంచి జేజి, అంటే నాయనమ్మ, భుజానెత్తుకుని తెచ్చిన ఎనిమిదేళ్ల పిల్ల. రెండు మోకాళ్లూ మడిచినవి మడిచినట్టే బిగుసుకుపోయాయి. తొట్టిలో మొదట తానే దిగుతానని పంతం పట్టింది.

"ముందు నీళ్లు, తర్వాత మనుషులు" అంది దేవకుమారి.

ఆ జాగ్రత్తే ఆ రోజు కాపాడింది. నీళ్లు కాచే పాలయ్య కడవ మీద కడవ పోశాడు. నలభయ్యో కడవకు తొట్టి అడుగు నిండు గర్భిణి కడుపులాగా కిందికి దిగింది. అతుకు చిట్లింది. నీళ్లన్నీ పొగలు కక్కుతూ బండల మీద పారిపోయాయి. నాలుగు కోళ్లు మాత్రం చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నాయి.

మొదట మాట్లాడింది మునెమ్మే.

"మామా, దానికి కాళ్లు బాగుండాయి, కడుపు చెడింది. నాకు కడుపు బాగుండాది, కాళ్లు చెడినాయి. ఇద్దరినీ కలిపి ఒకటి చెయ్యరాదూ?"

పాలయ్య నవ్వాడు. జమాల్ నవ్వలేకపోయాడు. ఆ పిల్లకు వయసు ఎనిమిది. ఉస్మాన్ ఉంటే తొమ్మిది.

ఇంటికొచ్చి జరిగింది చెబితే ఖమర్‌బీ నులక లాగుతూ వింది.

"నిండు కుండను మూతి పట్టుకోని ఎత్తుతారా ఎవురన్నా? మూతి చేతికొస్తాది, కుండ నేలకు పోతాది. అడుగున చెయ్యి పెట్టాల. దించితే కుదురు మీద దించాల."

"మంచానికి అడుగెవురు పెడతారే?"

"మంచంలో నేనల్లిన నులక ఉండాది. మనిషి బరువును అది అన్ని పట్టెలకూ పంచిస్తాది. నీళ్లకు ఎవురు పంచుతారు?"

ముప్పై ఏళ్లు మంచాలు చేసిన మనిషి ఆ మాట విని ఉలి పక్కన పెట్టాడు.

రెండోసారి జమాల్ నేల నుంచి మొదలుపెట్టాడు. ఇసుక పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టి గట్టిచేశాడు. దాని మీద ఎర్రగుంట్ల బండలు ఒక్క వాలు లేకుండా పరిచాడు. బండల మీద జానెడుకొకటి చొప్పున అడ్డదూలాలు, వాటి మీద పలకలు. తొట్టి అడుగు అంగుళం కూడా గాలిలో లేకుండా వాటి మీద కూర్చుంది. అంచుల పట్టెలు ఇప్పుడు మోయడానికి కాదు, కదలకుండా పట్టుకోవడానికే. చుట్టూ మామిడి చెక్కతో గూడు కట్టి, ఆ చెక్కకూ తొట్టికీ మధ్య సందులో శనక్కాయ పొట్టు కూరాడు. ఎడమవైపు అడుగున నీళ్లు వదిలే కుళాయి ఉంది. రేపు అది కారితే అలీ అహ్మద్ చెయ్యి లోపలికి దూరాలి గదా. అందుకని అక్కడి పలకను మాత్రం గడియ తీస్తే ఊడి వచ్చేటట్టు పెట్టాడు.

అరవై కడవలు పోశారు. కొందరు అరవై రెండంటారు. తొట్టి ఉలకలేదు, పలకలేదు. పరీక్షకని పాలయ్య పంచె ఎగ్గట్టి అందులో కూర్చున్నాడు.

"నా పెండ్లికి కూడా ఇన్ని ఉడుకునీళ్లు పోయలేదు మామా. ఇంగ నేను లెయ్యను."

"లెయ్యప్పా, నీ మురికంతా పిల్లోళ్లకా?" అంది మునెమ్మ.

బరువు గెలిచింది గానీ వేడి గెలవలేదు. ఇద్దరు పిల్లలు దిగి లేచేసరికి నీళ్లు గోరువెచ్చన. మూడో పిల్లకు చల్లబడేవి. మునెమ్మ కాళ్లు అందరికన్నా బిగుసుకున్నాయి, ఆ పిల్ల ఎక్కువసేపు నానాలి. అందుకని చివరి వంతు ఆమెది. పిల్ల లోపలుండగా మరిగే నీళ్లు పోయడానికి దేవకుమారి ఒప్పుకునేది కాదు. ప్రతి పిల్లకూ తొట్టి ఖాళీ చేసి కొత్తగా కాచి పోయాలంటే పొద్దు చాలేది కాదు.

"నెలకొకసారి కడపనుంచి డాక్టరు వస్తాడు" అని చెప్పింది ఆమె జమాల్‌తో. "ఇంకొక రెండు నెలలు చూస్తానన్నాడు. అప్పటికి మోకాళ్లు సాగకపోతే ఇంగ సాగవంట. ఇంటికి పంపేయమన్నాడు."

"ఇంటికి పోతే?"

"ఏముండాది. జేజి ఉన్నన్ని దినాలు జేజి భుజం."

జమాల్ మూత చేశాడు. పొట్టు తీసి పత్తి కూరాడు. పత్తి చెమ్మ పట్టి ముద్దయితే మళ్లీ పొట్టు కూరాడు. వారానికి రెండుసార్లు బస్సెక్కి జమ్మలమడుగు పోయి వచ్చేవాడు. తొట్టిలో పిల్లల కాళ్లుండే సగం కొలత ఆయన చేతుల్లో ఉండిపోయింది. కుడివైపు రెండు మూరలు, ఎడమవైపు రెండు మూరలు, కాళ్ల దిక్కున రెండు మూరలు. లోతు మూడు జానలు. వైపుకు మూడు పలకలు. మూడు మూళ్లు తొమ్మిది. రంపం కూడా పెట్టనక్కరలేదు. ఈ లెక్క తెలిసిన రోజు నుంచి ఆయన లోపలి గదిలోకి సీలలు చూడటానికి కూడా పోలేదు.

పలకలు ఇమ్మని ఆయన అడగలేదు. ఆయన బస్సు దిగి వచ్చిన ప్రతి సాయంత్రం ఖమర్‌బీనే ఆ పిల్ల సంగతి అడిగేది.

"ఆ పులివెందుల పిల్ల ఏమనింది ఈ పొద్దు?"

"పెదాలు నల్లబడేదాకా కూచుంటాంది. చలేస్తాందా అంటే లేదంటాది. నేనేమనుకుంటానో అని."

ఇంకో రోజు, "ఈ పొద్దో?"

"మామా, నీ తొట్టి శానా బాగుండాది, తప్పు నీళ్లదే అనింది."

ఖమర్‌బీ వేస్తున్న నులక ముడి బిగించి లేచింది. సాయంత్రం గుడ్డ తడిపే వేళ అది. కుండ దగ్గరకు పోయింది గానీ గుడ్డ తడపలేదు.

"ఆ పలకలు ఇప్పు."

జమాల్ తల ఎత్తలేదు.

"నీకు తెలుసు. ఎన్ని దినాల్నుంచో తెలుసు. నన్నడగలేక ఊరికే బస్సులెక్కి తిరుగుతాండావు. నేను ఇప్పలేను, నువ్వు కొట్టిన సీలలవి."

"ఖమర్."

"రంపం పెట్టొద్దు. అంతే."

పలకలు విప్పుతుంటే వీధి ఆడవాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఖాతూన్‌బీ దుప్పటి తెచ్చింది, దారిలో చలిగాలి తగలకుండా. జమాల్ ఒక్కో పలకా తీసి, ఎనిమిది దుప్పట్లో చుట్టి, తొమ్మిదోది మంచం మీదే వదిలాడు.

"ఎనిమిది చాలు. కొలత అంతే" అన్నాడు.

ఖమర్‌బీ ఆ మాట నమ్మింది. ఆ మనిషి కొలతల్లో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు మరి.

తొట్టికి కాళ్లవైపు మామిడి చెక్కా పొట్టూ తీసేసి, పలకలను రేకుకే ఆనించి బిగించాడు. తొమ్మిదోది ఉండాల్సిన చోటు ఎడమవైపు అడుగున, కుళాయి దగ్గర ఊడి వచ్చే పలక. అక్కడ మామిడి పలకే ఉంచి, రంగు కలిసేటట్టు నూనె రుద్దాడు.

ఆ రోజు నుంచి నీళ్లు చల్లబడలేదు. పాలయ్య పొద్దున గోరువెచ్చని నీళ్లు పోస్తే, అవి తమంతట తామే పిల్లల ఒంటి జ్వరమంత వేడికి వచ్చి, సాయంత్రం దాకా అట్లే ఉండేవి. దేవకుమారి మోచేయి పెట్టి చూసి, "ఎవరి పలకలు ఇవి?" అని అడిగింది. జమాల్ చెప్పాడు. ఆమె ప్రార్థన చేసుకునేటప్పటిలాగా ఒక్క క్షణం తల వంచి, పిల్లల పేర్లు రాసుకునే పుస్తకంలో పైన 'ఉస్మాన్' అని రాసుకుంది.

నెల తిరిగింది. డాక్టరు వచ్చి చూశాడు. మునెమ్మ కుడి మోకాలు ముప్పాతిక సాగింది. ఎడమకాలు మడిచింది మడిచినట్టే ఉంది. తొట్టిలో పిల్లలు కూర్చునే పీట ఒక్క దిక్కుకే బిగించి ఉండటం వల్ల ఎడమకాలు ఎప్పుడూ కుళాయి వైపే ఉండేది. ఒంటికాలితో ఏం నడుస్తుందని డాక్టరు పెదవి విరిచాడు. ఇంకొక్క నెల అన్నాడు.

ఆ వారం ఖమర్‌బీ కూడా బస్సెక్కింది. తడిగుడ్డ వేసి నెలయింది, ఒకసారి వేసి వస్తానంది. జమాల్ దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

తొట్టిలో మునెమ్మ ఉంది. ఖమర్‌బీ పిల్లను పలకరించి, గుడ్డ తడిపి కుడివైపు పలకల మీద పరిచింది. ఆరిపోయింది. కాళ్లవైపు పరిచింది. ఆరిపోయింది. ఎడమవైపు పై పలక మీద ఆరింది. దాని కింది పలక మీద ఆరింది. అన్నిటికన్నా అడుగు పలక మీద వేసిన గుడ్డ నీళ్లు కారుతూ అట్లే ఉంది.

ఆమె అరచెయ్యి ఆ పలకకు ఆనించి చూసింది.

"అత్తా, ఆడ చల్లగుంటాది" అంది మునెమ్మ. "నేను సిస్టరమ్మకు చెప్పలే. మామకు తెలిస్తే మళ్లా అంతా ఇప్పి చేస్తాడు, పాపం."

ఖమర్‌బీ లేచి వసారాలోకి వచ్చింది. జమాల్ అక్కడ నిలబడి ఉన్నాడు.

"ఎనిమిది చాలంటివి."

"చాలవు."

"తెలిసే అన్నావా?"

"నీ చేతి కిందికి ఒకటన్నా ఉండాలనుకుంటి."

ఆమె గొంతు పెంచలేదు. "నాకొక పలక మిగిల్చేదానికి ఆ పిల్లకొక కాలు మిగిల్చినావు."

మరుసటి రోజు పొద్దున ఆమె ఒక్కతే తొమ్మిదో పలకను తన పాత చీరలో చుట్టుకుని బస్సెక్కింది. పొడుగాటి సామాను పైన వేయమన్నాడు కండక్టరు.

"జ్వరంగా ఉండాడప్పా. ఒళ్లోనే ఉండనీ."

కండక్టరు చీర మీద చెయ్యి పెట్టి చూశాడు. ముందు సీట్లో వాళ్లను లేపి ఆమెను కూర్చోబెట్టాడు. "కిటికీ మూయప్పా, గాలి తగులుతాది" అని పక్కనున్న రైతును కసిరాడు. జమ్మలమడుగు దాకా ఆ బస్సులో ఎవరూ బీడీ వెలిగించలేదు.

వెనక బస్సులో వచ్చిన జమాల్ గడియ తీసి, మామిడి పలక ఊడదీసి, తొమ్మిదోది పెట్టాడు. సందు లేకుండా కూర్చుంది. ఆ పలకకు కొలత ముందే తెలిసినట్టుంది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక ఖమర్‌బీ లోపలి గదిలో వట్టి పట్టెల మధ్య, నేలమీద కూర్చుంది. అప్పుడు ఆమె ఏమనుకుందో తెలియదు. ఎవరికీ చెప్పలేదు.

తర్వాత వారానికొకసారి ఆమె కూడా పోయేది. ఉగాదికి నాలుగు రోజుల ముందు మునెమ్మ తొట్టిలోనే అంచు పట్టుకుని లేచి నిలబడింది. తడి కాళ్లు వణుకుతున్నాయి గానీ రెండూ నిటారుగా ఉన్నాయి. దేవకుమారి ఎత్తి బండల మీద నిలబెట్టింది. రెండు మూరల దూరంలో ఖమర్‌బీ తొట్టి పక్కన కూర్చుని ఉంది.

"పడితే పట్టుకుంటావా అత్తా?"

"పట్టుకుంటా. రా."

ఒక అడుగు. ఎడమకాలు కొంచెం ఈడ్చి, రెండో అడుగు. మూడోది పడటమే. ఖమర్‌బీ ఒక చేత్తో పిల్లను పట్టుకుని, తూలిపోకుండా రెండో చెయ్యి పలకలకు ఆనించింది. ఆ చెయ్యి తడిసింది.

తొట్టి కారుతోందేమోనని జమాల్ వంగి చూశాడు. కారడం లేదు. తొమ్మిది పలకల మీదా సన్నటి చెమట పోసింది. వేపచెక్క చారల వెంబడి చుక్కలు చుక్కలుగా.

"చెమట పట్టింది" అన్నాడు పాలయ్య మెల్లగా. చెమట పట్టిందంటే ఏమిటో పిల్లలున్న ఇళ్లలో అందరికీ తెలుసు.

ఖమర్‌బీ మునెమ్మను అక్కడే ఉన్న జేజి ఒళ్లో కూర్చోబెట్టింది. చీర కొంగుతో మొదటి పలక తుడిచింది. తర్వాత రెండోది. నుదురు తుడిచినట్టు, చెవుల వెనక తుడిచినట్టు, మెడ కింద తుడిచినట్టు, తొమ్మిదీ తుడిచింది. తుడిచిన చోటల్లా చెక్క చల్లబడుతూ వచ్చింది. మూడేళ్ల కిందట పదకొండు రోజులు అల్లాను ఆమె ఈ చల్లదనమే అడిగింది.

మళ్లీ నీళ్లు కాచేది పాలయ్యకే పడింది. మిగిలిన పిల్లలకు ఆ ఎండాకాలమంతా నీళ్లు చల్లబడే దిగులు లేకపోయింది. తర్వాతి చలికాలం సంగతి ఎవరూ చెప్పలేదు.

ప్రొద్దుటూరులో బస్సు దిగి ఇంటికి వస్తుంటే ఖాతూన్‌బీ గుమ్మంలో కూర్చుని చేట చెరుగుతోంది. పలకలు ఇంట్లో లేకపోయినా ఆమె అడగడం మానలేదు.

"ఉస్మాన్‌కు ఎట్లుండాది, ఖమరూ?"

"దిగింది ఆపా. జ్వరం దిగిపోయింది."

ఖాతూన్‌బీ చేట పక్కన పెట్టి లేచి వచ్చింది. వీధిలో ఒక్కొక్కరే వచ్చారు. మూడేళ్ల కిందట ఏడ్చి వెళ్లినవాళ్లే మళ్లీ వచ్చి ఆమె చుట్టూ కూర్చున్నారు. జమాల్ పంచలో కూర్చుని, చేతిలో పనేమీ లేకుండా, మొదటిసారి గట్టిగా ఏడ్చాడు.

పిల్లలూ, ఇంతే కథ. మీరు దీన్ని మీ పిల్లలకు చెప్పండి. నీళ్ల బరువు అంచు మోయదని, అడుగు మోయాలని చెప్పండి. నలభయ్యో కడవకు పగిలిందని, అరవయ్యో కడవకు నిలిచిందని చెప్పండి. మిగతాది మరిచిపోయినా, పలకలు తొమ్మిదని మాత్రం మరిచిపోకండి. చెప్పేటప్పుడు వాళ్ల మీద జాలి పుట్టి, ఒకటి ఆ తల్లికి వదిలేద్దామనిపిస్తుంది. వదలకండి. ఎనిమిదని చెబితే ఆ పిల్ల నడవదు.